రాత్రి పదకొండు తర్వాత సర్వర్ గదిలో

కొట్టు కట్టేసే వేళకి గుమస్తా లెక్కల సాఫ్ట్‌వేర్ మూసేసి, డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ని గల్లాపెట్టెలో పడేసి ఇంటికి పోతాడు. మన ఊళ్ళలో చాలా వ్యాపారాలకి బ్యాకప్ అంటే ఇప్పటికీ ఇదే. వెక్కిరించాల్సిన పద్ధతేమీ కాదు. ఒక మనిషి తన చేత్తో చేస్తాడు, అయిందో లేదో కళ్ళతో చూసుకుంటాడు. ఆ మనిషి జ్వరమొచ్చి పడుకున్న రోజున, మేనకోడలి పెళ్ళికి వెళ్ళిన వారంలో, మానేసి వేరే కొట్లో చేరిన నెలలో మాత్రం అది జరగదు. అందుకని పనిని యంత్రానికి అప్పజెబుతాం. రాత్రి పదకొండుకి దానంతటదే మొదలై, తెల్లారేసరికి సర్వర్ మొత్తానికీ నకలు తీసి ఉంచాలి. పక్కన ఎవరూ ఉండక్కర్లేదు.

అప్పజెప్పాక ఒక తేడా వస్తుంది. మనిషి మానేస్తే మర్నాడే తెలుస్తుంది, కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి. యంత్రం మానేస్తే కంటికి కనిపించేదేమీ ఉండదు. ఎప్పుడు తీయాలి, దేని మీదకి తీయాలి, ఎన్నాళ్ళు ఉంచాలి అన్న ప్రశ్నలకి ఇన్నేళ్ళలో మంచి జవాబులే పోగయ్యాయి. తీయని రాత్రి ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది అన్న ప్రశ్న దగ్గరికి వస్తేనే పెద్ద పెద్ద కంపెనీలు కూడా నీళ్ళు నమిలాయి.

ముందు మాటల సంగతి. డేటా బ్యాకప్ వేరు, ఫుల్ సిస్టమ్ బ్యాకప్ వేరు. మొదటిది లెక్కలు, బిల్లులు, స్కాన్ చేసిన కాగితాలు. రెండోదాంట్లో ఇవి కాక ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, యూజర్లు, వాళ్ళ పాస్‌వర్డులు, ఏ ఫోల్డర్ ఎవరు తెరవొచ్చన్న అనుమతులు, ప్రింటర్లు, లైసెన్సులు, బూట్ చేసే భాగం, అన్నీ వస్తాయి. డిస్క్ పోయిన రోజున డేటా చేతిలో ఉన్నా, దాన్ని తెరిచే సర్వర్‌ని మళ్ళీ నిలబెట్టడానికి రెండు మూడు రోజులు పట్టడం నేను చాలాసార్లు చూశాను. లైసెన్స్ కీ రాసుకున్న కాగితం దొరకదు. పదేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు, మనకి పగలైతే అతనికి అర్ధరాత్రి.

మొత్తం సిస్టమ్‌ని ఒక్క పనిగా చూసిన పాతకాలపు యంత్రాల్లో ఐబీఎం వాళ్ళ ఏఎస్ 400 ఒకటి. 1988లో వచ్చింది, పేర్లు మార్చుకుంటూ ఇప్పటికీ బ్యాంకుల్లో, గోదాముల్లో నడుస్తోంది. దాని సేవ్ మెనూలో 21వ ఆప్షన్ అంటే ఆ యంత్రంతో బతికినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. యంత్రం మీద ఉన్నదంతా టేపుకి ఎక్కడమన్నమాట. ఆ పని జరగాలంటే మిగతా పనులన్నీ ఆగాలి, ఒక్క కన్సోల్ తప్ప అందరూ బయటికి పోవాలి. మనిషి లేకుండా చేయించదలిస్తే మొదలయ్యే వేళ ముందే చెప్పి పెట్టొచ్చు. మధ్యలో యంత్రం ప్రశ్న అడిగి జవాబు కోసం పొద్దున్న దాకా కూర్చోకుండా, సందేశాలకి సంబంధించిన అమరికలు కూడా ముందే మార్చుకోవాలి. ఈ చివరి జాగ్రత్తని ఆ రోజుల్లోనే ఎవరో బాగా ఆలోచించారు. నేటి సాఫ్ట్‌వేర్లలో కూడా ‘ఈ ఫైలు మీద తిరగరాయమంటారా?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గర రాత్రంతా నిలబడిపోయిన బ్యాకప్‌లు ఉంటాయి.

యునిక్స్ వైపు దారి వేరు. 1979లో వచ్చిన ఏడో వెర్షన్‌లోనే వేళకి పని మొదలుపెట్టే క్రాన్, ఫైళ్ళని టేపుకి మూటగట్టే టార్ రెండూ ఉన్నాయి. డంప్ అనే ఇంకో పనిముట్టులో సున్నా నుంచి తొమ్మిది దాకా అంచెలుండేవి. సున్నా అంటే మొత్తం, పై అంకెలంటే అంతకంటే తక్కువ అంకెతో చివరగా తీసినదాని తర్వాత మారినవి మాత్రమే. టేపుల్ని తిప్పే పద్ధతికి తాత, తండ్రి, కొడుకు అని పేరు. నెలకొకటి తాత, వారానికొకటి తండ్రి, రోజుకొకటి కొడుకు. మన ఇళ్ళలో లాగే ఇక్కడా కొడుకు తప్పు చేస్తే తండ్రి దగ్గరికి, అదీ కుదరకపోతే తాత దగ్గరికి పోవాలి.

ఇంక్రిమెంటల్‌కీ డిఫరెన్షియల్‌కీ తేడా ఒక లెక్కతో తేలిపోతుంది. ఆదివారం రాత్రి ఫుల్ తీశాం, శుక్రవారం మధ్యాహ్నం డిస్క్ పోయింది. రోజూ ఇంక్రిమెంటల్ తీస్తే ఆదివారంతో కలిపి అయిదు ముక్కలు వరసగా పెట్టాలి, ఒక్కటి చెడినా ఆ రోజు దగ్గరే ఆగిపోతాం. డిఫరెన్షియల్ అయితే ఆదివారంది, గురువారంది, రెండు చాలు. రాత్రి పని పెరుగుతుంది, రిస్టోర్ తేలికవుతుంది. ఈ బేరం ఏ పద్ధతిలోనూ తప్పదు. రాత్రి మిగుల్చుకున్న ప్రతి నిమిషాన్నీ ప్రమాదం జరిగిన రోజున తిరిగి చెల్లించాలి.

మరి రోజూ ఫుల్ తీస్తే పోదా? ఇక్కడ లెక్క వేసుకోవాలి. ఓ మోస్తరు ఆఫీసు సర్వర్‌లో 2 టీబీ ఉందనుకుందాం. పాత యూఎస్‌బీ 2 పోర్టుకి తగిలించిన డిస్క్‌కి సెకనుకి 30, 35 ఎంబీ మించి ఎక్కదు. అంటే 16 నుంచి 18.5 గంటలు. గిగాబిట్ నెట్‌వర్క్ మీద వేరే పెట్టెకి పంపితే సెకనుకి 110 ఎంబీ దాకా పోతుంది, అయిదు గంటల పని. 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైను మీద క్లౌడ్‌కి పంపాలంటే, లైను పూర్తిగా మనదే అనుకున్నా 44 గంటలు. రాత్రి పదింటికి కొట్టు కట్టేసి పొద్దున్న ఏడింటికి తీస్తే మనకున్నది తొమ్మిది గంటలు. ఆ తొమ్మిదిలోనే యాంటీవైరస్ స్కాన్ ఉంటుంది, విండోస్ అప్‌డేట్ల తర్వాత రీస్టార్ట్ ఉంటుంది.

టెక్నాలజీ పెరిగితే ఈ ఇరుకు తగ్గుతుందనుకుంటాం. టేపుల చరిత్ర చూస్తే అలా కాదు. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీఓ టేపుకి 100 జీబీ పట్టేది, సెకనుకి 20 ఎంబీ రాసేది. నిండటానికి గంటన్నర కూడా పట్టేది కాదు. 2021లో వచ్చిన తొమ్మిదో తరానికి 18 టీబీ పడుతుంది, వేగం 400 ఎంబీ. నిండటానికి పన్నెండున్నర గంటలు. పట్టే సరుకు 180 రెట్లు పెరిగితే వేగం 20 రెట్లే పెరిగింది. గోదాము పెద్దదైంది కానీ గుమ్మం అంత పెద్దది కాలేదు. పైగా టేపు డ్రైవ్‌కి తిండి తగ్గినా కష్టమే. సర్వర్ తగినంత వేగంగా అందించలేకపోతే టేపు ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ బయల్దేరుతుంది. రాత్రంతా అలా ముందుకీ వెనక్కీ ఊగి టేపూ అరుగుతుంది, డ్రైవూ అరుగుతుంది.

ఈ ఇరుకులోంచే నేటి పద్ధతులు పుట్టాయి. వర్చువల్ మెషీన్లలో మారిన బ్లాకుల్ని మాత్రమే గుర్తుపెట్టుకుని తీయడం, ఒకసారి ఫుల్ తీసి ఆపైన ఎప్పటికీ ఇంక్రిమెంటల్‌తోనే నడవడం, పాత ఫుల్‌కి కొత్త మార్పులు కలిపి బ్యాకప్ పెట్టెలోనే కొత్త ఫుల్ తయారుచేయడం. చివరిదాన్ని సింథటిక్ ఫుల్ అంటారు. బాగా పనిచేస్తుంది. నా గొణుగుడు ఒక్కటే. ఇక్కడ ప్రతి కొత్త ఫుల్ పాతదాని భుజాల మీద నిలబడుతుంది. రెండేళ్ళ కిందటి ఒక బ్లాకు డిస్క్ మీద చెడిపోయి ఉంటే, ఆ చెడు నేటి ఫుల్‌లో కూడా ఉంటుంది. అందుకని మూడు నెలలకోసారైనా సర్వర్ నుంచే నేరుగా అసలైన ఫుల్ తీయించడం నాకు అలవాటు. శనివారం రాత్రి మొదలుపెడితే సోమవారానికి అయిపోతుంది.

నడుస్తున్న యంత్రానికి నకలు తీయడం కదులుతున్న పిల్లాడికి ఫొటో తీయడం లాంటిది. డేటాబేస్ ఫైలు మొదటి సగం పదకొండుంబావుకి, రెండో సగం పన్నెండుకి కాపీ అయితే, రెండు సగాలకీ పొత్తు కుదరదు. ఏఎస్ 400 వాళ్ళు అందర్నీ బయటికి పంపి దీన్ని దాటారు. విండోస్ సర్వర్ 2003 నుంచి షాడో కాపీ అనే సౌకర్యం ఉంది. బ్యాకప్ మొదలవుతుండగా డేటాబేస్‌కి కబురు పంపి, చేతిలో ఉన్న పని డిస్క్ మీదకి రాయించి, రాతల్ని ఊపిరి బిగబట్టినట్టు ఆపి, ఆ క్షణం రూపాన్ని పట్టుకుంటుంది. రాతలు అలా ఆగడానికి పది సెకన్లే గడువు. సర్వర్ మీద భారం ఎక్కువగా ఉంటే ఆ గడువు దాటి బ్యాకప్ ఫెయిలవుతుంది. అందుకే అన్ని పనులూ అర్ధరాత్రి పన్నెండుకే పెట్టడం మంచి అలవాటు కాదు, పన్నెండుంబావు, ఒంటిగంట ఇరవై లాంటి బేసి వేళలు నయం. లైనక్స్‌లో స్నాప్‌షాట్ ఉంది కానీ డేటాబేస్‌కి చెప్పే బాధ్యత చాలావరకు మనదే. ఏ వ్యవస్థలోనైనా, ఫుల్ సిస్టమ్ నకలుతో పాటు డేటాబేస్‌ని దాని సొంత పనిముట్టుతో విడిగా తీసి ఉంచుకోవడం ఖర్చు తక్కువ, ధీమా ఎక్కువ.

ఇక గడియారం. ‘ఫలానా వేళకి చెయ్యి’ అని రాయడం ఒక్క వరస పని, తప్పులన్నీ ఆ వరస చుట్టూ ఉంటాయి. మొదటిది మన దగ్గర మరీ ఎక్కువ. యజమాని రాత్రి మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసుకుని పోతారు. షార్ట్ సర్క్యూట్ భయం ఆయనది, కాదనలేం. రాత్రి పదకొండుకి పెట్టిన బ్యాకప్ ఒక్క రాత్రీ జరగదు. యంత్రం మళ్ళీ లేవగానే తప్పిపోయిన పనిని చేయించే ఏర్పాట్లు ఉన్నాయి. అవి పెడితే పొద్దున్న తొమ్మిదిన్నరకి, కౌంటర్ దగ్గర జనం నిలబడ్డ వేళ, ఫుల్ బ్యాకప్ మొదలై బిల్లింగ్ నత్తనడక నడుస్తుంది. మూడో రోజుకి ఎవరో దాన్ని తీసేస్తారు.

గడియారం ఏ దేశానిదన్నది రెండోది. క్లౌడ్‌లో తీసుకున్న సర్వర్లు తరచుగా యూటీసీలో ఉంటాయి. అక్కడ రాత్రి పదకొండంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా సర్వర్లు చూసే నైట్ షిఫ్ట్ వాళ్ళకి ఇంకో తిప్పలు. మార్చిలో ఒక ఆదివారం అక్కడ రెండింటికీ మూడింటికీ మధ్య గంటే ఉండదు, నవంబరులో ఒంటిగంటకీ రెండింటికీ మధ్య గంట రెండుసార్లు వస్తుంది. అక్కడి సర్వర్లలో ఒంటిగంటకీ మూడింటికీ మధ్య ఏ పనీ పెట్టొద్దని పాతవాళ్ళు చెప్పేది ఇందుకే.

మూడోది, చేత్తో నడిపితే బాగానే నడిచిన స్క్రిప్టు షెడ్యూల్‌లో పెడితే నడవదు. క్రాన్‌కి మన లాగిన్‌లో ఉండే దారులు తెలియవు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మన పేరు మీద పెట్టిన పని, మూడు నెలలకి మనం పాస్‌వర్డ్ మార్చుకోగానే ఆగిపోతుంది. లాగిన్ అయితే కనిపించే జెడ్ డ్రైవ్ ఎవరూ లాగిన్ కాని వేళ ఉండదు. లైనక్స్‌లో బయటి డిస్క్ ఊడిపోయి ఉంటే, అది తగలాల్సిన ఖాళీ ఫోల్డర్‌లోకి బ్యాకప్ అంతా రాసుకుపోయి, సర్వర్ సొంత డిస్కే నిండి, కాపాడాల్సిన సర్వర్‌నే బ్యాకప్ పడగొడుతుంది. నేను ఎక్కువగా చూసింది మాత్రం వేరే ఉంది. డేటాబేస్ డంప్‌ని పైపులో నుంచి కంప్రెస్ చేసే ప్రోగ్రామ్‌కి పంపుతారు. డంప్ మొదటి సెకనులోనే ఫెయిలవుతుంది, కంప్రెస్ చేసేది మాత్రం తనకొచ్చిన శూన్యాన్ని చక్కగా మూటగట్టి ‘పని అయింది’ అంటుంది. ఫోల్డర్‌లో తేదీ వారీగా ఫైళ్ళు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి ఇరవై బైట్లు.

విండోస్ సర్వర్‌తో ఉచితంగా వచ్చే బ్యాకప్ గురించి ఒక మాట. 2008 సర్వర్‌తో పాత ఎన్‌టీ బ్యాకప్‌ని తీసేసి దీన్ని ఇచ్చారు, టేపుకి రాయడం దీనికి రాదు. షెడ్యూల్ తెరలో రోజుకోసారి లేదా రోజుకి చాలాసార్లు అని తప్ప వారానికోసారి అన్న మాటే లేదు. అది కావాలంటే కమాండ్ రాసి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి. నెట్‌వర్క్ ఫోల్డర్‌కి తీయిస్తే కొత్త బ్యాకప్ పాతదాన్ని చెరిపేస్తుంది. కొత్తది మధ్యలో ఆగితే, ఆ రాత్రికి మీ దగ్గర ఏదీ ఉండకపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా ఏళ్ళ తరబడి దాన్ని నమ్ముకున్న ఆఫీసులున్నాయి.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయని సామెత. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో అసలు మొరగనే లేదు. రెండు సర్వర్లలో ఏది ఏదో పొరబడి ఒక ఇంజనీరు అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశాడు. 300 జీబీలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్‌ల కోసం చూస్తే రోజూ తీయాల్సిన డంప్ ఒక్కటీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది, మొదలవుతూనే ఆగిపోతోంది. ఆగిపోతున్నానని అది ఈమెయిల్ పంపుతూనే ఉంది. ఆ ఈమెయిళ్ళకి సరైన సంతకం లేదని మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. డిస్క్ స్నాప్‌షాట్లు ఆ సర్వర్లకి పెట్టనే లేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి బతికారు. ఆ ఆరు గంటల పనీ పోయింది. స్నాప్‌షాట్ ఉన్న డిస్కులు నెమ్మదివి కావడంతో వెనక్కి ఎక్కించడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఈ తప్పులన్నీ వాళ్ళే విడమరిచి రాసుకున్నారు. అలా రాసుకునే కంపెనీలు అరుదు కాబట్టి మనకి ఇంత వివరం దొరికింది.

పిక్సర్ స్టూడియో కథ ఇంకా పాతది, 1998ది. టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్ళు ఒక కమాండ్‌తో చెరిగిపోతే, బ్యాకప్ కొన్నాళ్ళుగా సరిగ్గా లేదని అప్పుడు బయటపడింది. అప్పటి సాంకేతిక నిపుణుడు ఓరెన్ జేకబ్ తర్వాత చెప్పిన ప్రకారం, డిస్క్ నిండిందని చెప్పాల్సిన ఎర్రర్ లాగ్ ఆ నిండిన డిస్క్ మీదే ఉంది. బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని దగ్గర ఉన్న కాపీయే సినిమాని కాపాడింది.

రెండు చోట్లా కబురు చెప్పే బాధ్యత పడిపోయినవాడి మీదే పెట్టారు. దీనికి విరుగుడు తిరగేసి పెట్టడం. బ్యాకప్ పూర్తయిన ప్రతిసారీ బయట ఇంకో చోటికి ‘అయింది, ఇంత సైజు’ అని కబురు పంపాలి. పొద్దున్న ఆరులోగా కబురు రాకపోతే ఆ బయటిది గొడవ చేయాలి. ఊరి నుంచి రోజూ ఫోన్ చేసే అమ్మ ఒక రోజు చేయకపోతే మనం కంగారుపడతామే, అదే లెక్క. ‘ఫెయిలైంది’ అన్న మెయిల్ మీద ఆధారపడటం కంటే ఇది వంద రెట్లు నయం. సైజు కూడా అడగాలి, ఇరవై బైట్ల సంగతి చెప్పాను కదా.

నకలు ఎక్కడ ఉంచాలన్న దానికి మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రం అందరికీ తెలిసిందే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడి, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ డ్రైవ్‌లో 858 టీబీ పోయింది. మరీ పెద్దది కావడం వల్ల దానికి బయట బ్యాకప్ లేదని అధికారులు చెప్పారు. గుమ్మం ఇరుకు గురించి పైన అన్నది ఇలాంటి చోట దేశం స్థాయి ప్రశ్న అవుతుంది.

నిప్పు కంటే నేడు రాన్సమ్‌వేర్ భయం ఎక్కువ. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో అయిదు సర్వర్లు, సుమారు 1.3 టీబీ డేటా చిక్కుకుపోయి, ఓపీ చీటీలు మళ్ళీ చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఈ-హాస్పిటల్ డేటా, దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి వెనక్కి వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. ‘దెబ్బ తగలని’ అన్న మాట దగ్గరే ఉంది కీలకం. మనిషి లేకుండా బ్యాకప్ జరగాలంటే డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉండాలి. తగిలించే ఉంటే దొంగ చేతికీ అందుతుంది. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ క్లౌడ్ ఖాతాలోకి చొరబడినవాడు బ్యాకప్‌లతో సహా చెరిపేయడంతో ఆ కంపెనీ మూతపడింది.

అందుకే పూర్తిగా మనిషి లేని ఏర్పాటు అన్నదాన్ని నేను నమ్మను. కొంత గడువు దాకా ఎవరూ చెరపలేని స్టోరేజీ ఇప్పుడు అద్దెకి దొరుకుతోంది, స్తోమత ఉంటే తీసుకోవాలి. సర్వర్ బ్యాకప్ పెట్టెలోకి రాయడం కాకుండా, పెట్టే వచ్చి సర్వర్ నుంచి లాక్కునేలా పెట్టడం ఇంకో దారి. పెట్టె పాస్‌వర్డ్ సర్వర్‌కి తెలియకూడదు. చిన్న కొట్టుకైతే రెండు బయటి డిస్కులు కొని, శనివారం ఒకటి ఊడదీసి ఇంటికి పట్టుకుపోయి రెండోది తగిలించడం చాలు. గుమస్తాగారి పెన్‌డ్రైవ్ పద్ధతికే వారానికోసారి తిరిగొచ్చామన్నమాట.

చట్టం సంగతి కొందరికి తెలియదు. కంపెనీగా నమోదైన వ్యాపారాలు లెక్కల పుస్తకాలు కంప్యూటర్‌లో ఉంచుకుంటే, వాటి బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్ మీద ఉండాలి. మొదట ఇది ‘నిర్ణీత కాలానికోసారి’ అని ఉండేది, 2022 ఆగస్టులో ‘ప్రతిరోజూ’ అని మార్చారు. పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఏడు రోజుల కాపీలు మాత్రమే ఉంచి పాతవి చెరిపేసే షెడ్యూల్ పెట్టినవాళ్ళు ఈ రెండో మాట దగ్గర ఆగి ఆలోచించాలి. సంవత్సరాంతపు తాతని విడిగా దాచాలి.

రిస్టోర్ చేసి చూడమని అందరూ అంటారు, ఎవరూ చేయరు. రోజువారీ పనిలో దానికి వేళ లేదు, జరగని ప్రమాదానికి డబ్బు పెట్టమంటే యజమానులు ఇష్టపడరు. చేసి చూస్తే తప్ప తెలియనివి చాలా ఉంటాయి. ఒకచోట బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టారు, ఆ పాస్‌వర్డ్ రాసిన ఫైలు ఆ సర్వర్‌లోనే ఉంది. ఇంకోచోట పాత యంత్రం బూట్ అయ్యే తీరు వేరు, కొత్తదాని తీరు వేరు, నకలంతా ఎక్కినా తెర నల్లగానే ఉండిపోయింది. మరోచోట అంతా సరిగ్గానే వచ్చింది, కానీ పదకొండు గంటలు పట్టింది. యజమాని మనసులో అది అరగంట.

నేను చూసే ఒక పంపిణీదారు ఆఫీసులో దీనికి దసరాని పట్టుకున్నాం. ఆయుధ పూజకి ఎలాగూ కంప్యూటర్లన్నీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెడతారు. ముందు రోజు సాయంత్రం బయటి డిస్క్ తెప్పించి, మూలన పడి ఉన్న పాత యంత్రంలోకి సర్వర్ మొత్తం రిస్టోర్ చేయడం మొదలుపెడతాం. పొద్దున్నకి అది లేచి, కిందటి రోజు చివరి బిల్లు చూపించాలి. మొదటి ఏడాది చూపించలేదు, డేటాబేస్ సర్వీసు లేవలేదు. రెండో ఏడాది చూపించింది. పూజారిగారు బొట్టు గిన్నె పట్టుకుని వచ్చి, రెండు తెరల మీదా ఒకే బిల్లు కనిపిస్తుంటే, వీటిలో సర్వర్ ఏదండీ అని అడిగారు. యజమాని నా వైపు చూశారు. రెండిటికీ పెట్టమన్నాను.